అసిరయ్య పరగడుపు

ఆ పొద్దున్న భారతి పెట్టుకున్న పని చూడ్డానికి చిన్నదే. ఏడు గంటలకు ఊరి బడిలో రక్తపరీక్ష అయ్యేదాకా పేటలో ఓ ముప్పై మంది నోట్లో మంచినీళ్ళు తప్ప మరేమీ పడకుండా చూడాలి. అందుకని తెల్లవారుతుండగానే లేచి, ముందు తన ఇంటి గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు పీకి, బీపీ మిషనుతో పాటు చేతిసంచిలో వేసుకుంది. తర్వాత వాకిట్లో ఉన్న కట్టెల పొయ్యిలో చెంబుడు నీళ్ళు కుమ్మరించింది.

"ఈ పొయ్యి కూడా తడిపీసినావేటే? పొద్దున్నే సల్లారిన పొయ్యి సూత్తే నలుగురూ ఏటనుకుంటారు?" అంది అత్తగారు రాజులమ్మ. టీ పడక అప్పుడే మొదలైన తలనొప్పికి ఆమె నుదుటికి తుండుగుడ్డ బిగించుకుంటోంది.

"ఏటనుకున్నా పరవాలేదత్తా. రెండు గంటలు ఓర్సుకో."

భారతి ఆ పేటకు ఆశా కార్యకర్త. వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ పేటవాళ్ళకు రక్తం ఇవ్వడం కొత్తేమీ కాదు. కిడ్నీ జబ్బుకు కారణం వెతుక్కుంటూ ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు సూదులు పట్టుకుని వస్తూనే ఉన్నారు. క్రియాటినిన్ ఎంతుండాలో అక్కడ బడిపిల్లలు కూడా చెబుతారు. ఈసారి విశాఖ నుంచి వచ్చిన డాక్టర్ కీర్తి మాత్రం కొలెస్ట్రాల్ అంది. రోజూ సముద్రపు చేప, మూడు పూటలా అన్నం, సొంత చెట్ల జీడిపప్పు తినే మనుషుల్లో కొవ్వు, చక్కెర, నడుం చుట్టుకొలత ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో రెండేళ్ళపాటు చూస్తామంది. పేటలో నలభై మంది పేర్లు రాసుకుంది.

మూడు నెలల కిందట మొదటి విడతకు నలభై మందీ వచ్చారు. అందులో ఇరవై ఆరుగురు టీ తాగో, చద్దన్నం తినో వచ్చారు. వాళ్ళ రక్తంలో కొవ్వు లెక్కలు తాడెత్తు లేచాయి. "పరగడుపున రాకపోతే మాకు కనిపించేది మీ ఒంటి సంగతి కాదు, ఇందాక మీరు తిన్నదాని సంగతి" అని కీర్తి నెత్తీ నోరూ కొట్టుకుంది. టీ బడ్డీ చిన్నారావు ఒప్పుకోలేదు.

"టీలో కొవ్వేటుంటాదమ్మా? నీళ్ళే గదా?"

"నీ టీలో అయితే నిజమే బావా" అంది భారతి.

ఈ రెండో విడతలో కనీసం ముప్పై మంది నిజమైన పరగడుపున దొరక్కపోతే ఈ పేటను జాబితా నుంచి తీసేస్తారు. తీసేస్తే కీర్తికి పోయేది కాగితం మీద ఒక గీత. భారతికి అలా కాదు. ఆమె తండ్రి నలభై ఎనిమిదో ఏట వల లాగుతూ లాగుతూ ఇసుక మీద కూలిపోయాడు. గుండె అన్నారు. ఆయన ఒంట్లో కొవ్వెంతో, చక్కెరెంతో అంతకుముందు ఒక్కసారైనా చూసినవాళ్ళు లేరు. రెండేళ్ళపాటు ఈ పేట ముంగిట్లోకే వచ్చి చూస్తామన్నవాళ్ళను టీ చుక్క కోసం వదులుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

మామగారు అసిరయ్య మీదే ఆమెకు పెద్ద అనుమానం. మోకాళ్ళ నొప్పులతో వేట మానేసి వలలు బాగుచేస్తూ కూర్చునే ఆయనకు నోరు ఖాళీగా ఉంటే తోచదు. విచిత్రంగా ఆ రోజు ఆయన ఏ పేచీ పెట్టలేదు.

"లెగిత్తే గదా ఆకలి? నానసలు లెగనే లెగను. సూదోళ్ళొచ్చినాక పిలండి" అని ముందుగదిలో మంచం మీద పడుకుని, దుప్పటి తల మీదుగా ముసుగు తన్నేశాడు. ఆ మంచి బుద్ధికి భారతి మురిసిపోయి బడికి బయల్దేరింది.

ఆ తర్వాత ఇంటి దగ్గర జరిగింది ఆమెకు నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. అన్నీ కలిపి చూస్తే ఇదీ సంగతి.

పక్కింటి దుర్గ అగ్గిపెట్టె కోసం వచ్చింది. వాకిట్లో పొయ్యి తడిసి చల్లగా ఉంది. తల దువ్వుకోని రాజులమ్మ నుదుటికి గుడ్డ కట్టుకుని, గుమ్మంలో చేత్తో చెంప ఆనించుకుని కూర్చుంది. లోపల మంచం మీద నిలువునా దుప్పటి.

"ఒలమ్మో... మావకేటైనాదే అత్తా?"

తలనొప్పి ఉన్నప్పుడు రాజులమ్మ మాటలు పొదుపుగా వాడుతుంది. "ఏటి సెప్పనే. రేత్రి ఏడింటికి తిన్న ముద్దే ఆకరు. పిలిత్తే పలకడు."

"మరి భారతి?"

"బండొత్తాదని ఎల్లింది. నాకూ ఇక్కడ కూకోబుద్ది కాట్లేదు. నానూ పోతన్నాను." చెప్పినట్టే ఆమె లేచి, తొందరగా సూది పొడిపించుకుంటే తొందరగా టీ తాగొచ్చునని బడి దారి పట్టింది. దుర్గ మాత్రం, భారతి శవబండి కోసం వెళ్ళిందనీ, పాపం ఈ మనిషికి మతి చలించిందనీ అనుకుంది.

ఆ పేటలో ఒక పద్ధతి ఉంది. ఊళ్ళో మనిషి పోతే శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి రాజెయ్యరు, ఎవరూ ముద్ద నోట్లో పెట్టరు, పడవ నీళ్ళలో దిగదు. దుర్గ గొంతు లేచిన పావుగంటకు వీధిలో వెలిగిన పొయ్యిలన్నీ ఆరిపోయాయి. ఒడ్డున ఆరు పడవలు ఆగిపోయాయి. సముద్రంలోకి పట్టుకెళ్ళాల్సిన చద్ది క్యారేజీలు మూత తియ్యకుండా వెనక్కి వచ్చాయి. ఎన్నికల రోజున కూడా ముయ్యని టీ బడ్డీ మూసేసి చిన్నారావు తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఊరి వాట్సాప్ గ్రూపు నడిపే సూర్యారావు, అసిరయ్య ఫొటో చుట్టూ గులాబీలు పెట్టి 'కన్నీటి నివాళి' అని పంపాడు. అది టెక్కలి మీదుగా రావివలస చేరి, ఆయన చెల్లెలు సుభద్రను ఆటో ఎక్కించింది. అటువైపు గుజరాత్‌లోని వెరావల్ రేవు చేరి, పడవ పనిలో ఉన్న ఆయన కొడుకు, భారతి మొగుడు జానకిరామ్‌ను ఉన్నచోటనే కూలబడేసింది.

ఇంటివాళ్ళు వచ్చేదాకా ముఖం మీద గుడ్డ తియ్యకూడదన్నారు పెద్దవాళ్ళు. అందుకని ఎవరూ తియ్యలేదు.

బడిలో భారతి, కీర్తి, ఆమె వెంట వచ్చిన ఇద్దరు నర్సులు, నలభై ఖాళీ సీసాలు ఎదురుచూస్తున్నాయి. ఏడున్నరకు వచ్చింది రాజులమ్మ ఒక్కతే.

"పది గంటల రైలుకి ఇవి పలాస స్టేషన్లో ఉండాలి భారతిగారూ. తొమ్మిది దాకా చూద్దాం. ఆ తర్వాత నా చేతిలో ఏమీ లేదు" అంది కీర్తి మెల్లగా.

భారతి అందరికీ ఫోన్లు చేసింది. ఎవరూ ఎత్తలేదు. చిన్నారావొక్కడు ఎత్తి, "దైర్యంగుండమ్మా. మేవందరం ఉన్నాం" అని బావురుమని ఫోను పెట్టేశాడు.

"ముప్పై మంది రాకపోతే ఇంత బాధపడతాడనుకోలేదత్తా" అంది భారతి ఆశ్చర్యపోతూ. "మావేడీ?"

"ముసుగు తన్ని పడుకున్నాడు. పిలిత్తే పలకలేదు."

అప్పుడే డప్పులు వినిపించాయి. చావు డప్పులు. ఇద్దరూ కిటికీలోంచి చూశారు. పేట పేటంతా తల వంచుకుని నడుస్తోంది, భారతి వాళ్ళ ఇంటివైపే.

ఆ అరకిలోమీటరు భారతి ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. చేతిసంచిలో రెగ్యులేటరు అడుగడుక్కీ డొక్కలో పొడుస్తుంటే, టీ చుక్కకు మొహం వాచి పోయిన మామ కళ్ళముందు కదిలాడు. నాన్నను ఎవరూ చూడక పోగొట్టుకున్నాను, మావను చూద్దామని పోగొట్టుకున్నాను అనుకుంది. వెనక రాజులమ్మ, "టీ పోసి సావనిచ్చినా బాగుణ్ణే తల్లా!" అంటూ వస్తోంది.

గుమ్మంలో సుభద్ర శోకం రాగం మీద ఉంది. ఆవిడ అన్నతో మాట్లాడి నాలుగేళ్ళయింది. తన గృహప్రవేశంలో వంజరం చేప పులుసు వడ్డిస్తే, ఇందులో వంజరం ఎక్కడుందని నలుగురిలో అడిగాడని కోపం.

"ఓ అన్నో... నా కొంప ముంచి ఎల్లిపోనావా అన్నో... నిజం సెప్పినోడివి నువ్వొక్కడివే అన్నో... ఆ పులుసులో నీల్లెక్కువ పోసినాన్రా అన్నో... వంజరం రెండు ముక్కలే ఏసినాన్రా అన్నో..."

దుప్పటి కొంచెం కదిలినట్టు భారతికి అనిపించింది. కన్నీళ్ళలో అలాగే కనిపిస్తుందనుకుంది.

సరిగ్గా అప్పుడు దుప్పటి కింద ఫోను మోగింది. ఇంట్లో ఎవరో ఒకరు ఎత్తకపోతారా అని తండ్రి నంబరుకే చేశాడు జానకిరామ్. డప్పులు ఆగాయి. మోగుతున్న ఫోను కూడా ఆగింది.

"ఆ... ఏరా గుంటా? టీ తాగినావా?" అంది దుప్పటి.

దుర్గ రెండు ఇళ్ళ అవతల తేలింది. డప్పులవాళ్ళు డప్పులు వదిలేసి దూకారు. అసిరయ్య ముసుగు తీసి లేచి కూర్చుని, "ఎవులేటి? నానేటి సావడం? నీ పెల్లాం టీ ఇవ్వలేదు గానీ బాగానే ఉన్నాను" అని కొడుక్కి చెప్పి ఫోను పెట్టేశాడు. వెరావల్‌లో ఆ కుర్రాడు ఏమయ్యాడో తర్వాత చూసుకోవచ్చు. ఇక్కడ సుభద్ర లేచి నిలబడింది.

"బతికుండీ ఇంటన్నావేటి?"

"నువ్వు ఒప్పుకుంటుంటే మద్దిలో లెగడం బాగోదని... రెండు ముక్కలేనటేటి? నానింకా నాలుగనుకున్నాను."

సుభద్ర చెప్పు కోసం వెతుక్కుంది. దుర్గ మెల్లగా గేటు దాకా తిరిగొచ్చింది. ఒకడు నవ్వాడు. ఇంకొకడు పూలదండ పట్టుకుని దాన్నేం చెయ్యాలో తెలియక తన మెడలోనే వేసుకున్నాడు. రాజులమ్మ మొగుణ్ణి వీపు మీద ఒకటి చరిచి, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. భారతి గోడకు ఆనుకుంది. బతికాడు. అది చాలు. పేట పేరు జాబితాలోంచి పోతే పోనీ అనుకుంది.

"సర్లేయే, మావ లెగినాడు గదా! పదండ్రా, కడుపులో ఎలకలు తిరుగుతన్నాయి" అన్నాడు చిన్నారావు. "నిన్న రేత్రి తిన్న తిండి. బడ్డీ తెరుత్తాను."

భారతి తల గిరుక్కున తిప్పింది.

"ఏటన్నావు బావా? పొద్దున్నుంచీ ఏటీ తినలేదా?"

"శవం లెగకండా ఎలా తింటామమ్మా?"

"టీ?"

"ఎవుడి టీ? నాదే మూసీసినాను గదా!"

భారతి గుంపును చూసింది. ఒక్కొక్క మొహం మీదా తన జాబితాలోని ఒక్కొక్క పేరు కనిపించింది. సూది పేరు చెబితే కొబ్బరితోటల్లోకి పారిపోయే ఇద్దరు అన్నదమ్ములు కూడా వాకిట్లోనే ఉన్నారు. ఎనిమిదీ పది అయింది.

"ఎవులూ కదలొద్దు!" అని అరిచింది. ఆ గొంతు ఆమెదని పేటలో ఎవరూ ముందు నమ్మలేదు. "దుర్గా, గేటెయ్యి! సూర్యారావు బావా, ఫోను జేబులో ఎట్టి బడికాడికెల్లి మేడమ్‌ని సూదుల్తో సహా ఇక్కడికే తీసుకురా!"

కీర్తి నర్సులతో వచ్చి చావుకని వేసిన టెంటు కిందే బల్ల వేసింది. చావుకని తెచ్చిన కుర్చీల్లోనే జనం వరసగా కూర్చున్నారు. ప్రతివాణ్ణీ అదే ప్రశ్న అడిగింది, ఏమైనా తిన్నారా అని. ప్రతివాడూ నొచ్చుకున్నట్టు అదే జవాబు చెప్పాడు, ఎలా తింటామని. డప్పులవాళ్ళు ఊరికే ఉండలేక సూది దిగినప్పుడల్లా ఒక దెబ్బ వేశారు. తొమ్మిదికి పది నిమిషాలుండగా ముప్పై తొమ్మిదో సీసా నిండింది.

"ఇంత పద్ధతిగా పరగడుపున వచ్చిన ఊరు నాకింకెక్కడా దొరకలేదు" అంది కీర్తి. "మిగతా ఊళ్ళలో కూడా మీరే ఇలా చేయించగలరా?"

"సేయించొచ్చు మేడమ్. ఊరికో మావ కావాల" అంది భారతి.

నలభయ్యో పేరు అసిరయ్యది. రాజులా వచ్చి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు.

"ఏమైనా తిన్నారా?"

"నానేటి తింటానమ్మా? పొద్దున్నుంచీ శవాన్ని గదా."

అదే సమయానికి గుమ్మంలో సుభద్ర, అన్న మీద కోపం అన్న దుప్పటి మీద తీర్చుకుంటూ దాన్ని గట్టిగా దులిపింది. గలగలమంటూ గుప్పెడు కాల్చిన జీడిపప్పు, దాని పొట్టు, సగం కొరికిన బెల్లం అచ్చు వాకిలంతా రాలాయి. పొద్దున్న అంత బుద్ధిగా ముసుగెందుకు తన్నాడో భారతికి అప్పటికి తెలిసింది.

"నానిక్కడ గుండెలు బాదుకుంటంటే," అంది సుభద్ర, ఒక్కొక్క మాటా ఆపి ఆపి, "నువ్వు లోపల నములుతున్నావేట్రా?"

"సప్పుడు సెయ్యలేదు గదే" అన్నాడు అసిరయ్య.

కీర్తి సూదిని మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. భారతి సంచిలోంచి రెగ్యులేటరు తీసి, ముందు అత్త చేతికిచ్చింది. తర్వాత రిజిస్టరు తెరిచి, ఆఖరి గడిలో నీటుగా రాసింది: 'నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది పరగడుపున ఉన్నారు. తిన్నది చనిపోయినవారొక్కరే.'