రాఘవేందర్ గారి తెల్ల డాబా

అశోక్‌నగర్‌లో బుచ్చిబాబుకి ఎదురింటి రాఘవేందర్ మీద ఏ కోపమూ ఉండేది కాదు, ఆయన డాబా తెల్లబడేదాకా.

కిందటి వేసవిలో ప్రభుత్వం వాళ్ళు వచ్చి, ఎండలు ఏటేటా ముదురుతున్నాయి కనక ఇళ్ళు చల్లబడేలా డాబాలకు ఉచితంగా తెల్లరంగు వేస్తామన్నారు. రాఘవేందర్ సంతకం పెట్టాడు. బుచ్చిబాబు ఉపన్యాసం ఇచ్చాడు. భూమి మే నెలలో వేడెక్కక చలికి వణుకుతుందా, ఇదంతా ప్రజల డబ్బుకి సున్నం కొట్టడమేనని వాళ్ళను మెట్లు దింపేశాడు.

ఈ వేసవికి ఆయన భార్య ఆదిలక్ష్మి మధ్యాహ్నాలు ఎదురింటికి మారిపోయాయి. రాఘవేందర్ భార్య అరుంధతితో కబుర్లు, అక్కడే కునుకు, అక్కడే మూడు గంటల కాఫీ. ముప్పై ఏళ్ళుగా ఇద్దరూ ఎదురెదురుగా తాగిన కాఫీ బుచ్చిబాబు ఒక్కడే కలుపుకుని, ఒక్కడే వంకపెట్టి, ఒక్కడే తాగాల్సి వచ్చింది.

“అన్నయ్యగారింట్లో ఫ్యాను ఒకటిలో పెట్టినా చాలండీ.”

“అయితే అక్కడే ఉండు.”

“ఉందును. మీకు వంటెవరు చేస్తారు?”

ఆ ఒకటో నంబరు ఫ్యాను బుచ్చిబాబు గుండెలో ఐదులో తిరిగింది. ప్రభుత్వం చెయ్యి పడకుండా తన డాబా తనే తెల్లగా చేసి, భార్యను వెనక్కి తెచ్చుకోవాలనుకున్నాడు. చిక్కడపల్లిలో సున్నం కొని, బకెట్లో కలిపి, డాబా మెట్ల మలుపులో దాచాడు. ఆదివారం పొద్దున్నే ఆదిలక్ష్మి అరుంధతిని పిలుచుకురావడానికి వెళ్ళగానే, చెమటకు జారుతున్న కళ్ళజోడు జేబులో పెట్టి, కుంచె ముంచాడు.

సున్నం చిక్కగా, గోరువెచ్చగా ఉంది. మధ్యమధ్య జీలకర్ర తగిలింది. సున్నంలో కూడా కల్తీ, ప్రభుత్వం చూడాల్సింది ఇదీ అనుకుంటూ గోడ నుంచి గోడదాకా పూసేశాడు.

ఎదుటి డాబా మీంచి రాఘవేందర్ చాలాసేపు చూశాడు.

“అన్నా, మీ దిక్కు వడియం గింత పెద్దగ పెడ్తరా?”

అప్పటికే అరుంధతిని వెంటబెట్టుకుని ఆదిలక్ష్మి మెట్లెక్కి వచ్చింది. వడియాలకని ఉడికించి, మెట్ల మలుపులో చల్లారబెట్టిన పిండి బకెట్ ఖాళీ. సున్నం బకెట్ ఆ మలుపులోనే నిండుగా ఉంది. ఆవిడ అరిచినా బాగుండేదనిపించింది బుచ్చిబాబుకి.

“రేపు రంగు వేసేవాళ్ళు వస్తున్నారు. ఇల్లు నా పేరనేగా ఉంది, పోయిన నెలే సంతకం పెట్టాను. డాబా శుభ్రంగా ఉంచమన్నారు,” అని చేతికి అట్లకాడ ఇచ్చింది.

మూడింటిదాకా గీకాడు. పావురాలు సాయం పట్టాయి. అప్పుడు ఎదురింటి నుంచి కాఫీకి పిలుపొచ్చింది. వెళ్ళి ఆదిలక్ష్మి ఎదురుగా కూర్చున్నాడు. ఫ్యాను ఒకటిలోనే ఉంది.

“చల్లగుందా అన్నా?” అన్నాడు రాఘవేందర్.

“లేదు, కాఫీ వేడిగానే ఉంది,” అని, రెండో గుక్కకి ముందే గురక పెట్టాడు బుచ్చిబాబు.