మిగిలిన ఏడు శాతం

ఇంధన పొదుపు శాఖ మంత్రిగారు రిబ్బను కత్తిరించి, నేటినుంచి ఈ భవనం తన గురించి తానే ఆలోచించుకుంటుందని ప్రకటించారు. ఇక్కడ పనిచేసేవాళ్లకి ఆలోచించే బాధ తప్పిందని కూడా అన్నారు. గోడల్లో పదకొండు కిలోమీటర్ల సర్టిఫైడ్ కేబుల్ ఉంది. మీటరు మీటరుకీ దాని మీద ముద్ర ఉంది. గదిలో మనిషి ఉంటే లైటు వెలుగుతుంది, కిటికీ తెర లేస్తుంది. లేకపోతే లైటు ఆరుతుంది, తెర దిగుతుంది. ఎవరివల్ల ఎంత కరెంటు ఖర్చయిందో నెలనెలా రిపోర్టు వస్తుంది. "ఈ కేబుల్ అబద్ధమాడదు. దీనికి పూచీ నాది," అన్నారు మంత్రిగారు. ఆ మాటని కేబుల్ సర్టిఫికెట్టు కింద బంగారు అక్షరాలతో రాయించి, ఫ్రేము కట్టించి, గుమ్మానికి ఎదురుగా తగిలించారు.

చివరి వరసలో నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ఎలక్ట్రీషియన్. ఆ పదకొండు కిలోమీటర్లూ లాగింది అతనే. ఎక్కడా మెలిక పడకుండా, ఎక్కడా తొక్క గీసుకుపోకుండా, పసిపిల్లకి నీళ్లు పోసినంత జాగ్రత్తగా గోడల్లోకి ఎక్కించాడు. పక్కనే చీపురుతో వాళ్లక్క ఉంది. పద్నాలుగేళ్లుగా ఆమె ఇక్కడ టెంపరరీ స్వీపరు. ఆమెని పర్మనెంటు చేసే ఫైలు మూడో అంతస్తులో సూపరింటెండెంటుగారి బల్ల మీద ఉంది. తమ్ముడి పనితనం చూసైనా ఆయన దాన్ని తెరుస్తారని అక్కాతమ్ముళ్ల ఆశ.

రెండో రోజే ఆయన దగ్గర్నుంచి కబురొచ్చింది. మూడో అంతస్తు మొత్తం చీకటైపోయిందట. ఎలక్ట్రీషియన్ టెస్టరు పట్టుకుని పరుగున వచ్చాడు. అతను లోపల అడుగు పెట్టగానే లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. పద్దెనిమిది మంది ఉద్యోగులు కళ్లు చికిలించి అతనివైపు చిరాగ్గా చూశారు. కేబుల్ పరీక్షిస్తే నిక్షేపంగా ఉంది. పది నిమిషాలు ఏ కదలికా లేకపోతే గదిలో ఎవరూ లేరని సిస్టమ్ అనుకుంటుందని అతను వినయంగా మనవి చేసుకున్నాడు.

"మేమంతా ఉన్నాం కదయ్యా," అన్నారు సూపరింటెండెంటుగారు.

"ఉన్నారండీ. కదల్లేదండీ."

ఆయన దీని గురించి లోతుగా ఆలోచించసాగారు. ఎలక్ట్రీషియన్ చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆలోచన ఓ కొలిక్కి రాకముందే లైట్లు కొండెక్కాయి.

కేబుల్‌ని తప్పుపడదామంటే కింద మంత్రిగారి పూచీ వేలాడుతోంది. తమని తాము తప్పుపట్టుకునే ఆచారం శాఖలో లేదు. అందుకని అందరూ పెద్దమనసు చేసుకుని సర్దుకుపోయారు. నాలుగు రోజుల్లో చీకటి అలవాటైంది. వారం తిరిగేసరికి నచ్చింది కూడా. అర్జీలు పట్టుకొచ్చే జనం గుమ్మంలోంచి తొంగిచూసి, ఆఫీసుకి సెలవనుకుని వెళ్లిపోతుండటంతో పని ఒత్తిడి బాగా తగ్గింది.

నెల తిరిగేసరికి కరెంటు వాడకం తొంభై మూడు శాతం పడిపోయింది. మంత్రిగారు విలేఖరులని పిలిపించి, ప్రజలకి వెలుగు మిగల్చడం కోసం తాము చీకట్లో కూర్చున్న త్యాగమూర్తులంటూ తన ఉద్యోగులని పొగిడారు. ఓ విలేఖరి లేచి, మరి మిగిలిన ఏడు శాతం ఎవరు వాడారని అడిగాడు. మంత్రిగారి మొహం గంభీరంగా మారింది. ఎంతటివాళ్లయినా ఉపేక్షించేది లేదన్నారు.

కేబుల్ ఇట్టే పట్టించింది. పొద్దున ఏడింటికి మెట్ల మీద లైటు, ఏడుంపావుకి వరండా, ఏడున్నరకి మరుగుదొడ్లు. తర్వాత ఒక గది వెంట ఒక గది, పాతికేళ్లుగా ఎవరూ తలుపు తియ్యని రికార్డు రూముతో సహా, సాయంత్రం అయిదు దాకా. అంతా ఒక్క మనిషే. ఆరు అంతస్తుల్లోనూ సిస్టమ్‌కి కనిపించిన ఉద్యోగి ఆమె ఒక్కతే.

అక్క చేతికి మెమో వచ్చింది. పనివేళల్లో విచ్చలవిడిగా సంచరించి విద్యుత్తును దుర్వినియోగం చేసినందుకు ఆమెను ఎందుకు తొలగించకూడదో మూడు రోజుల్లో చెప్పాలి. తమ్ముడి చేత రెండుసార్లు చదివించుకుంది. "ఊడ్వాలంటే నడవాలి కదరా," అంది.

మర్నాడు ఎలక్ట్రీషియన్ మూడో అంతస్తుకి వెళ్లి, తను లాగిన కేబుల్లో తప్పుందని, ఆ రిపోర్టు నమ్మొద్దని, కావాలంటే తన లైసెన్సు రద్దు చేసుకోమని చెప్పాడు. నిజానికి అంత శుభ్రమైన కేబుల్ పని అతను అంతకుముందెప్పుడూ చెయ్యలేదు.

సూపరింటెండెంటుగారికి ముచ్చెమటలు పట్టాయి. మంత్రిగారు పూచీపడ్డ కేబుల్‌కి వంకపెడితే ముందు ఊడేది తన ఉద్యోగమేనన్నారు. అయితే ఆయన స్వతహాగా దయగలవారు. ఓ ఉపాయం చెప్పారు.

"మీ అక్కని మాలాగే ఉండమనవయ్యా. నా పక్కన స్టూలు వేయిస్తాను."

మొదటి రోజు అక్క చేతులు ఊరుకోలేదు. బల్ల కింద చెత్త కనిపిస్తే వంగబోయింది. పద్దెనిమిది మందీ ఒక్క గొంతుతో వారించారు. మూడో రోజుకి కాళ్లు తిమ్మిరెక్కడం మానేశాయి. పదిరోజులకి వరండాలో దుమ్ము మీద చెప్పుల అచ్చులు పడసాగాయి. ఇరవై రోజులకి ఆ అచ్చుల మీద కూడా దుమ్ము పడింది. ఆ నెల వాడకం దాదాపు సున్నా అని రిపోర్టు వచ్చింది. "దాదాపు" అనే మాట మంత్రిగారే స్వహస్తంతో కొట్టేశారు.

సున్నా కరెంటుతో నడిచే మొట్టమొదటి కార్యాలయం తమదేనని ఆయన ప్రకటించి, సిబ్బందిలో ఒక్కరినీ వదలకుండా సత్కరించమన్నారు. ఆ ఊపులో పద్నాలుగేళ్ల ఫైలు మీద సంతకం పడిపోయింది. విధి నిర్వహణలో చూపిన అంకితభావానికి గుర్తింపుగా అని ఆర్డరులో రాశారు.

కింద గుమాస్తా దాన్ని ఎలక్ట్రీషియన్ చేతిలో పెట్టి, మీ అక్కకి ఇవ్వమన్నాడు. అతను రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెత్తాడు. గదిలోకి రాగానే లైట్లు వెలిగాయి. అక్క స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది. జుట్టు మీద పలచగా దుమ్ము పట్టింది. అతను కాగితం పైకెత్తి ఊపాడు.

"అక్కా, పర్మనెంటయ్యావే."

ఆమె కళ్లు నిండి, చెంపల మీదికి కారాయి. తుడుచుకోలేదు. పెదవులు మాత్రం మెల్లగా కదిలాయి.

"చెయ్యి దించరా తమ్ముడూ. లైట్లు ఆరేదాకా అక్కడే నిలబడు."