పర్మిటు పొందిన ముక్కు

మద్యనిషేధం అమల్లోకి వచ్చాక మద్రాసు నగరంలో చిన్న రక్తనాళాల ఆరోగ్యం ఒక్కసారిగా దిగజారిపోయింది. అంతకుముందు ఊళ్లోని పెద్దమనుషులకు తమ ఒంట్లో వెంట్రుకకన్నా సన్నటి రక్తనాళాలు ఉంటాయన్న సంగతే తెలియదు. సారా దుకాణాలకు తాళాలు పడిన మర్నాడు అందరికీ తెలిసింది. పొద్దు వాలితే చాలు, అవి ముడుచుకుపోవడం మొదలుపెట్టాయి. జబ్బు మర్యాద తెలిసిన జబ్బు. సొంత ఇల్లున్న వాళ్లను తప్ప ఇతరులను ముట్టుకునేది కాదు. కూలివాళ్ల జోలికి పోతే పోలీసులు ఊరుకోరని దానికీ తెలుసు.

జార్జి టౌనులో ఎర్రగడ్డల మండీ, అంటే ఉల్లిపాయల టోకు కొట్టు, యజమాని చెంగల్రాయుడుగారికి ఈ జబ్బు రావడం న్యాయమే. ఆయనకు మేడ ఉంది. పైగా ఆయన పేట మద్యనిషేధ ప్రచార సంఘానికి అధ్యక్షులు. నిషేధం కోసం అంత పాటుపడిన మనిషి నాళాలు ముడుచుకోకపోతే ఇంకెవరివి ముడుచుకుంటాయి?

డాక్టర్ బాలసుందరం ఆయన చూపుడువేలి గోరు నొక్కి వదిలాడు. గోరు తెల్లబడి మళ్లీ ఎర్రబడింది.

"చూశారా, రక్తం ఎంత ఆలస్యంగా వచ్చిందో!" అన్నాడు డాక్టరు.

కళ్లు మూసి తెరిచేలోగా వచ్చేసింది కాబట్టి చెంగల్రాయుడుగారు ఆ ఆలస్యాన్ని చూడలేకపోయారు. అయినా చదువుకున్నవాడి మాట తోసెయ్యడం మర్యాద కాదు.

"ఇప్పుడేం చెయ్యాల డాక్టరుగారూ?"

"నాళాలు విప్పారాలి. దానికి ఒక్కటే మందు. అధ్యక్షులు మీరు, మీ ఎదుట దాని పేరు ఎత్తడం బాగుండదు. కాగితం మీద రాసిస్తాను."

ఆ కాగితం చూపిస్తే సర్కారు నుంచి బ్రాందీకి పర్మిటు వచ్చింది. పటం కట్టించి, పసుపు కుంకుమ పెట్టి, దేవుళ్ల పక్కన తగిలించారు. మొదటి సాయంత్రం చెంగల్రాయుడుగారు బ్రాందీని ఉద్ధరిణితో, ఆముదం తాగేవాడి ముఖం పెట్టి పుచ్చుకున్నారు. జబ్బు మొండిది కావడంతో ఉద్ధరిణి పోయి వెండి లోటా వచ్చింది. ముఖం మాత్రం ఆముదం ముఖమే. ఆ నిష్ఠలో ఆయనకు వంక పెట్టడానికి లేదు.

"మందుకి నంజుకోను చెనక్కాయలు దేనికండీ?" అని అడిగింది భార్య గోవిందమ్మ.

"పథ్యమే!" అని కసిరారాయన.

మందు పనిచేసింది. అబద్ధమెందుకు, గొప్పగా పనిచేసింది. విప్పారిన నాళాలకు ఒంట్లో చోటు చాలలేదో ఏమో, ముక్కు కొన మీదికి వచ్చి లేత తమలపాకు ఈనెల్లాగా ఎర్రగా పరుచుకున్నాయి. చెంగల్రాయుడుగారు అద్దం చూసుకుని హడలిపోయి డాక్టరు దగ్గరికి పరుగెత్తారు.

"గుణం కనిపిస్తోందండీ!" అని డాక్టరు సంతోషించాడు.

"మళ్లా మూసుకునేది ఎప్పుడయ్యా?"

"విప్పమన్నారు, విప్పాను. మూయడం వేరే వైద్యం. దానికి ఈ మందు మానాల్సి ఉంటుంది."

ఇంత కఠినమైన వైద్యం గురించి ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు.

ఇంతలో నిషేధ వారం వచ్చిపడింది. పేటలో జరిగే సభకు సాక్షాత్తు మంత్రిగారే వస్తున్నారు. సభ ఆయనకు నచ్చితే చెంగల్రాయుడుగారికి రాష్ట్ర సంఘంలో పదవి, పదవితోపాటు కారు, కారుకు జెండా. నచ్చకపోతే ఎర్రగడ్డలే గతి. గోవిందమ్మ ఆయన ముక్కుకు పౌడరు దట్టంగా అద్ది, "చెమట పట్టనీకండి" అని హెచ్చరించి పంపింది. మద్రాసులో ఆ పని దేవుడి వల్ల కూడా కాదు.

ఏటా ఆ సభలో తాగుడు మానినవాడినొకడిని వేదిక మీద నిలబెట్టి చూపించడం ఆచారం. నాలుగేళ్లుగా ఆ ఉద్యోగం మండీలో చేతిబండి లాగే సుబ్బన్‌ది. సుబ్బన్ పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టినవాడు కాడు. కానీ నిజంగా తాగి మానినవాళ్లను పిలిస్తే సభవేళకు మాననివాళ్లుగా వస్తున్నారు. అందుకని సంఘం వాణ్ణి ఏకగ్రీవంగా ఎన్నుకుంది. కూలి కింద ఒక తువ్వాలు ఇస్తారు.

సభనాడు చీకటి పడింది. వేదిక మీద కట్టిన తెల్లదుప్పటి మీద మ్యాజిక్ లాంతరు దీపపు బొమ్మ పడింది. తలుపంత ముక్కు, దాని నిండా ఎర్రటి ఈనెలు. చెంగల్రాయుడుగారు బెత్తంతో చూపిస్తూ గొంతెత్తారు.

"సోదర సోదరీమణులారా! మద్యం మొదట చిన్న రక్తనాళాలను విప్పుతుంది. తర్వాత వాటికి ముడుచుకోవడమే మరపిస్తుంది. ఈ ముక్కు మోసేవాడు ఇంటికి శత్రువు, దేశానికి ద్రోహి!"

చప్పట్లు మోగాయి. దీపం వెలుగులో అధ్యక్షులవారి పౌడరు చెమటకు ధారలు కట్టి దిగిపోయింది. పక్కన నిలబడ్డ సుబ్బన్ బొమ్మను చూశాడు, యజమానిని చూశాడు. వాడి ముఖం వెలిగిపోయింది.

"మొదలాళీ! ఈ ముక్కు అచ్చం మీది మాదిరే ఉండాదే!"

పాపం, ఎగతాళి కాదు. తన మొదలాళి ముక్కును సర్కారువాళ్లు ఇంత పెద్దది చేసి చూపిస్తున్నారని వాడికి గర్వం.

మంత్రిగారు బొమ్మ వైపు, అధ్యక్షుడి వైపు మార్చి మార్చి చూశారు. చెంగల్రాయుడుగారు గబగబా లెక్క వేసుకున్నారు. కారు పోయింది, జెండా పోయింది, రేపు పేటలో తలెత్తుకోవడమెట్లా? ప్రాణం మీదికి వస్తే బుద్ధి దానంతటదే పనిచేస్తుందంటారు.

"అవును!" అని గర్జించారాయన. "నాదే ఈ ముక్కు! తాగితే కలిగే కీడు మీకు కళ్లారా చూపించాలని నా ముక్కును దేశానికి ధారపోశాను. సర్కారు అనుమతితో, చట్టం గీసిన గీత దాటకుండా, రోజూ సాయంత్రం ఆ విషాన్ని మింగుతున్నాను. సోదరులారా, మీరు తాగకండి! మీ అందరి తరఫున నేను తాగుతాను!"

చప్పట్లకు పందిరి ఊగింది. మంత్రిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పదవిని అక్కడికక్కడే ప్రకటించారు. ఆ త్యాగచిహ్నం వెలిసిపోకుండా సంఘం ఖర్చు మీద మరికొన్ని సీసాలకు కూడా అనుమతి దయచేశారు. వారం తిరక్కుండానే సంఘ సభ్యులందరూ తమ ముక్కులను కూడా దేశానికి అర్పించుకుంటామని డాక్టర్ బాలసుందరం గుమ్మం ముందు బారులు తీరారు.

సభ జరిగిన మర్నాడే మండీలో సుబ్బన్ చేతులు కట్టుకుని వచ్చాడు.

"మొదలాళీ, బండి పట్టుకుంటే వేళ్లు మొద్దుబారిపోతా ఉండాయి. డాక్టరు మీ గోరు నొక్కినారంట గదా, నాది కూడా రవ్వంత నొక్కి చూడండి సామీ."

కొత్త పదవి సంతోషంలో ఉన్న చెంగల్రాయుడుగారు దయతలిచి నొక్కి వదిలారు. గోరు తెల్లబడింది. అట్లాగే ఉండిపోయింది. ఆయన చూస్తూ కూర్చున్నారు. లోపల కూలీలు ఒక మూట దించి కాటా వేశారు, అయినా ఎరుపు రాలేదు. ఆయనకు నిజంగానే భయం వేసింది.

"ఒరే, నీకు సొంత ఇల్లుండాదా?"

"ఇల్లా! బండి కిందే గదా సామీ నేను పండుకునేది."

చెంగల్రాయుడుగారి ప్రాణం కుదుటపడింది. "అయితే భయం లేదు పోరా. అది నాళాల జబ్బు కాదు, ఉత్త నీరసం. కడుపునిండా నీళ్లు తాగు."

పెద్దవాళ్ల జబ్బు తనకు రాలేదని సుబ్బన్ దండం పెట్టి కొళాయి దగ్గరికి పోయాడు.

ఇంతదాకా చదివిన పెద్దలు ఈపాటికి తమ గోరు నొక్కి చూసుకునే ఉంటారు. రక్తం వెంటనే వచ్చి ఉంటుంది. అయినా సాయంత్రానికి కొంచెం అనుమానం కలగక మానదు. సుబ్బన్ గోరు చివరికి ఎర్రబడిందా లేదా అని మండీలో ఎవరూ అడగలేదు. మీరూ అడగలేదు.