మా పైకప్పు నేర్పిన ఇంగ్లీషు

పిల్లలకు ఇంగ్లీషు రావాలని ట్యూషన్లకు పంపుతున్నారా? వెంటనే మానిపించండి! ఇంటి పైకప్పుకి ఓ మూల చెమ్మ పట్టనివ్వండి చాలు. మూడు వారాల్లో పిల్లలకే కాదు, మీకూ వచ్చేస్తుంది.

నేను పదో తరగతి రెండో ప్రయత్నంలో గట్టెక్కినదాన్ని. ఇంగ్లీషులో నాకు తెలిసిన క్రియలు కమ్, గో, సిట్, లుక్. ఇవన్నీ మనుషులు చేసే పనులు. నీళ్లు, గోడలు, పైపులు కూడా ఇంగ్లీషులో ఇన్ని రకాల పనులు చేస్తాయని మా అపార్ట్‌మెంట్‌లో ఫిర్యాదులకి యాప్ పెట్టేదాకా నాకు తెలీదు.

అంతకుముందు మేమెంత అనాగరికంగా బతికామో తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎక్కడైనా నీళ్లు కారితే మెట్ల దగ్గర నిలబడి "సూపర్‌వైజర్ బాబూ!" అని కేకేసేవాళ్లం. ఆయన స్టూలు పట్టుకుని వచ్చేవాడు, తలెత్తి చూసి, చెవి గోక్కుని, ప్లంబర్‌కి ఫోన్ చేసేవాడు. ఇదొక పద్ధతా? ఇప్పుడు యాప్ తెరవగానే "మీ వస్తువు ఏం చేస్తోంది?" అని అడుగుతుంది. కింద ఇరవై నాలుగు ఇంగ్లీషు క్రియలు. ఒక్కో మాటకి ఒక్కో టీమ్. సరైన మాట నొక్కితే ఆ టీమ్ వస్తుంది. తప్పు మాట నొక్కితే మూడు రోజులాగి ఫిర్యాదు క్లోజ్ చేస్తారు. చదువు మీద ఇంత శ్రద్ధ ఏ స్కూల్లో ఉంది చెప్పండి?

మా చెమ్మ మచ్చ మా చిన్నమ్మాయి గదిలో పుట్టింది, సరిగ్గా అది చదువుకునే టేబుల్ పైన. చిన్నది ఎనిమిదో తరగతి, పరీక్షలు నెత్తి మీదున్నాయి. రోజూ నాలుగింటికి వచ్చి ఆరింటిదాకా అక్కడే కూర్చుంటుంది. అరచేతంత మచ్చ కనబడగానే నాకు దాని పక్కనే అంబులెన్సు కూడా కనబడింది. నేనంతే. పాలు పొంగితే సిలిండర్ పేలిందనుకుంటాను. ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే ఏ ఆస్పత్రిలో చేర్చారోనని ఏడుపు మొదలెడతాను.

ముందు "లీక్" నొక్కాను. మూడో రోజు జవాబొచ్చింది: "లీక్ అంటే నీరు బయటికి రావాలి. ఫోటోలో నీరు లేదు. క్లోజ్డ్." నిజమే కదా! నా తొందరకి నాకే సిగ్గేసింది.

చిన్నది డిక్షనరీ తీసింది. "అమ్మా, ఇది లీక్ కాదే, సీప్. లోపల్లోపలే ఊరడం."

సీప్ నొక్కితే రంగులేసే టీమ్‌కి వెళ్లింది. వాళ్లు ఎంత మర్యాదస్తులో! "తడి ఆరిన వెంటనే తెలియజేయగలరు, రంగు వేస్తాము" అన్నారు. తెలియజేద్దామని చూస్తూనే ఉన్నాను. ఆరలేదు సరికదా, చుక్కలు మొదలయ్యాయి.

అప్పుడు "డ్రిప్" నొక్కాను. నిమిషానికి ఎన్ని చుక్కలు అని అడిగింది. గిన్నె పెట్టుకుని, గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాను. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఏం చేస్తున్నావే?"

"ఉష్! పద్నాలుగు... పదిహేను... మాట్లాడకండి!"

పదిహేడొచ్చాయి. డ్రిప్‌కి కనీసం ఇరవై ఉండాలట. మూడు చుక్కల్లో తప్పాను. పదో తరగతి లెక్కల్లోనూ నాకంతే జరిగింది.

ఆ తరవాత సిమెంటు పంటి నొప్పొచ్చిన బుగ్గలా ఉబ్బింది. దానికి "స్వెల్". నేను ఆ మాట నేర్చుకునేలోపు అది బీట వారింది. చూశారా, మా పైకప్పు నాకన్నా చురుకైన విద్యార్థి! నేను ఒక పాఠంలో ఉండగానే అది తరవాతి పాఠానికి వెళ్లిపోయేది.

ఇక ఆగలేక కిందకి దిగాను. సూపర్‌వైజర్ తన గదిలో ఫ్యాన్ కింద కూర్చుని ఫోన్ చూస్తున్నాడు.

"బాబూ, ఒక్కసారి పైకొచ్చి చూసి వెళ్లవూ?"

"చూడ్డం మా చేతుల్లో లేదు మేడమ్. యాప్‌లో పెట్టారా?"

"మూడుసార్లు పెట్టాను నాయనా."

"ఇప్పుడేం చేస్తోంది?"

"బీట వారింది. క్రాక్."

"క్రాక్ అంటే ఇంజినీరింగ్ టీమ్. వెడల్పు అడుగుతారు. పక్కన స్కేలు పెట్టి ఫోటో తియ్యండి."

"స్కేలు పెట్టాలంటే నేను దాని కిందే నిలబడాలి కదయ్యా?"

ఆయన పాపం ఆలోచించాడు. "ఇంట్లో హెల్మెట్ ఉందా మేడమ్?"

ఎంత బాధ్యత! అక్కణ్నుంచి మా గుమ్మానికి ఇరవై రెండు మెట్లు.

ఆ రోజే టేబుల్‌ని వంటింట్లోకి, ఫ్రిజ్ పక్కకి లాగేశాను. మా ఆయన నవ్వారు. "సిమెంటు అంత తేలిగ్గా ఊడుతుందా? నీ భయాలకి అంతులేదు. పరీక్షల ముందు పిల్లని మిక్సీ పక్కన కూర్చోబెడతావా?" చిన్నది ముఖం ముడుచుకుని, నేను స్నానానికి వెళ్లగానే టేబుల్‌ని మళ్లీ గదిలోకి ఈడ్చుకుపోయింది. నేను మళ్లీ వంటింట్లోకి లాగాను. అది మళ్లీ గదిలోకి. ఇలా రెండు రోజులు మా టేబులే మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ తిరిగింది.

గురువారం నాలుగుంపావు. చిన్నది వంటింట్లో స్టూలు మీద కూర్చుని నామీద కోపంతో గట్టిగా చదువుతోంది. గదిలో ఏదో కూలిన చప్పుడు. వెళ్లి చూశాం.

గుమ్మడికాయంత పెచ్చు. టేబుల్‌తో పాటు తెచ్చుకోని కుర్చీ మీద పడింది. కుర్చీ వీపు రెండు ముక్కలైంది. గదంతా తెల్లటి దుమ్ము.

చిన్నది నా చెయ్యి పట్టుకుంది. ఆరో తరగతికొచ్చాక అది నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. "అమ్మా, పొద్దున కూడా టేబుల్ అక్కడే పెట్టేసి స్కూలుకెళ్లా. నువ్వు మళ్లీ తెచ్చావా?" అంది.

తెచ్చానే తల్లీ అని దాని జుట్టు మీది దుమ్ము దులిపాను.

ఫోను తీసి "ఫాల్" నొక్కాను. అన్యాయంగా మాట్లాడకూడదు, ఈసారి నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది! "మీ వస్తువు పడిపోయినందున ఇక పడే ప్రమాదం లేదు. క్లోజ్డ్. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

అయిదూ ఇచ్చాను. ఇంత ఇంగ్లీషు నేర్పిన గురువుకి తక్కువిస్తే కళ్లు పోవూ?

మా ఆయన వచ్చి ఆ కుర్చీ చూసి, నవ్వకుండా టేబుల్‌ని ఫ్రిజ్ పక్కన ఇంకాస్త సర్ది పెట్టారు. చిన్నది ఇరవై నాలుగు మాటలూ పైనుంచి కిందిదాకా చదివి, "అమ్మా, అన్నీ వస్తువులు చేసే పనులే. నీకు మొదట్నుంచీ వచ్చినవి ఒక్కటీ లేవేంటి?" అంది.

నేనూ వెతికాను. లేవు. యాప్‌లో సలహాల పెట్టె ఒకటుంది. అందులో నాకు ముందునుంచీ వచ్చిన రెండు మాటలు రాసి పంపాను: కమ్. లుక్.

వెంటనే జవాబొచ్చింది. "మీరు సూచించిన పనులు చేసే టీమ్ లేదు. క్లోజ్డ్."