లాక్రోస్ గల ఇంజనీరింగ్ కళాశాల

1997 ఫిబ్రవరిలో దోహా తెలుగు సంఘం కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. అంతకు ముందు ఒక్కసారే అలా సమావేశమైంది, ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరకనప్పుడు. ఈసారి సమస్య ఇంకా తీవ్రమైనది. అల్ తుమామాలో ఉండే శేషాచలం గారి అమ్మాయి చరిత ఇంజనీరింగ్ చదువుతానంటోంది. దానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఇంజనీరింగ్ చదవనన్న పిల్లల తల్లిదండ్రులను ఓదార్చడానికే మనకు ఒక ఉపసంఘం ఉంది. కానీ ఈ అమ్మాయి చదువుతూ ఆడతానని కూడా అంటోంది.

ఆడటమంటే ఇంటి ముందు షటిల్ కాదు. లాక్రోస్. పొడుగాటి కర్ర, దాని చివర చిన్న వల. ఆ వలలో గట్టి రబ్బరు బంతిని పట్టుకుని, మీదికొచ్చే వాళ్ళను తప్పించుకుంటూ పరుగెత్తి గోల్లో వెయ్యాలి. దోహాలో పనిచేసే మార్గరెట్ అనే ఇంగ్లీషు టీచరమ్మ ఆడపిల్లలతో ఒక జట్టు కట్టింది. చరిత అందులో చేరి, మూడేళ్ళలో కెప్టెన్ అయింది. ఇంత జరిగినా మనకెవరికీ తెలియలేదు. ఎవరడిగినా వాళ్ళమ్మ వేదవతి గారు "మా చరిత వీణ నేర్చుకుంటోందండీ" అని చెప్పేవారు. చరిత భుజాన వేలాడే సన్నటి సంచీ చూసి, వీణ ఇంతగా చిక్కిపోయిందేమిటని ఎవరూ అడగలేదు. మనవాళ్ళు మర్యాదస్థులు.

మార్గరెట్ సలహాతో చరిత ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టింది. అక్కడ మెకానికల్ ఇంజనీరింగూ ఉంది, పోటీలకు వెళ్ళే లాక్రోస్ జట్టూ ఉంది. పరీక్షల్లో మార్కులొస్తే సీటిస్తామన్నారు. శేషాచలం గారు వీల్లేదన్నారు.

"రెండిట్లో ఏది కావాలో తేల్చుకో," అన్నారు.

"రెండూ ఒకే ఊళ్ళో ఉన్నాయి కదా నాన్నా. ఇంక తేల్చుకోవడం దేనికి?" అంది చరిత.

శేషాచలం గారు పెద్ద ఇంజనీరు. పైపులైనులో ఒత్తిడి పెరిగితే ఏ వాల్వు తిప్పాలో ఆయనకు బాగా తెలుసు. ఈసారి ఒత్తిడి ఇంట్లో పెరిగింది కాబట్టి సంఘానికి వచ్చారు.

అధ్యక్షులు గంగాప్రసాద్ గారు నిజామాబాద్ వైపు నుంచి వచ్చి కాంట్రాక్టరుగా ఎదిగినవారు. మైకు ముందు ఆయన గ్రాంథికమే మాట్లాడతారు. "సోదర సోదరీమణులారా! క్రీడ దేహమునకు బలము, విద్య దేశమునకు బలము, ఇంజనీరింగు ఉభయమునకును బలము! కావున ఈ బాలిక క్రీడించుచు విద్య నభ్యసించు కళాశాలను మన రాష్ట్రముననే అన్వేషించెదము గాక!" అన్నారు. చప్పట్లు ఆగాక కూర్చుని, పక్కనున్న కోశాధికారి ఖుత్బుద్దీన్ గారి చెవిలో, "గింతకీ గదేం ఆట సాబ్? చేపలు పట్టుడా?" అని అడిగారు.

"పోలో లాంటిది భాయ్. గుర్రాలుండవ్, అంతే," అన్నారు ఖుత్బుద్దీన్ గారు. మినిట్స్‌లో అలాగే రాసుకున్నాం.

అన్వేషించే శ్రమ తప్పింది. కొత్తగా పెట్టిన ఒక ఇంజనీరింగ్ కాలేజీ కరస్పాండెంట్ గారు, ప్రవాస భారతీయుల కోటా నింపుకునేందుకు అప్పటికే గల్ఫ్ దేశాలన్నీ తిరుగుతున్నారు. శుక్రవారం శేషాచలం గారింట్లో భోజనానికి వచ్చారు.

"లాక్రోస్ ఉందా అని అడుగుతారేంటండీ! మా దగ్గర ఫస్టియర్‌లోనే ఉంది," అన్నారు, గుత్తివంకాయ వడ్డించుకుంటూ.

"ఎంతమంది ఆడతారండీ?" అని అడిగింది చరిత.

"ఎంతమంది కావాలమ్మా?"

"జట్టుకి పన్నెండు మంది."

"మాది అరవై మంది సెక్షను తల్లీ. పన్నెండు మందికి లోటా?"

"గ్రౌండు గడ్డిదా, మట్టిదా?"

"నీకేది అలవాటో చెప్పు. అదే ఉంటుంది."

ఇంత పట్టువిడుపులున్న విద్యాసంస్థ దొరకడం అదృష్టమని శేషాచలం గారికి అనిపించింది. సీటు దాదాపు ఖాయమైపోయింది. చరిత మాత్రం అన్నం కెలుకుతూ కూర్చుంది. చివరికి, "అంకుల్, వచ్చే వారం అల్ వక్రాలో మాకు మ్యాచ్ ఉంది. మీ కోచ్‌కి చెప్పడానికైనా ఒకసారి చూడండి," అంది. కోచ్ అన్న మాటకు కరస్పాండెంట్ గారు కాస్త తడబడ్డా, తప్పకుండా వస్తానన్నారు.

మ్యాచ్ బహ్రెయిన్ నుంచి వచ్చిన జట్టుతో. మన కార్యవర్గమంతా కుర్చీలతో, శాలువాతో, పూలదండతో హాజరయింది. ఆట మొదలవకముందే గంగాప్రసాద్ గారు మైదానం నడుమకు వెళ్ళి, ఇరవై నలుగురు ఆడపిల్లలనూ నిలబెట్టి, తెలుగువారి క్రీడాస్ఫూర్తి గురించి తెలుగులో ప్రసంగించారు. అందులో ఒక్క పిల్లకే తెలుగు వచ్చు. ఆ పిల్ల తలెత్తలేదు. కరస్పాండెంట్ గారికి శాలువా కప్పి, చేతికొక కర్ర ఇచ్చారు. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని ఫొటో దిగారు. రిఫరీ రెండుసార్లు విజిల్ వేశాక అందరం బయటికి వచ్చాం.

తర్వాత ఆట మొదలైంది. మనం అప్పటిదాకా వీణ అనుకున్నది ఏమిటో తెలిసింది. చరిత ఒంగి బంతిని దుమ్ములోంచి ఎత్తుకుని, ఇద్దరి మధ్యనుంచి దూసుకుపోతూ, వెనక్కి చూడకుండానే మూడో పిల్లకు అందించేసింది. వేదవతి గారు కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నారు. రెండో సగంలో అవతలి పిల్ల కర్ర తగిలి చరిత కనుబొమ చిట్లింది. రక్తం చెంప మీదికి కారింది.

శేషాచలం గారు గీత దాటి లోపలికి పరుగెత్తారు. "ఆపండి! ఆట ఆపండి!"

"నాన్నా, బయటికెళ్ళండి! మాకు పెనాల్టీ వేస్తారు!" అని అరిచింది చరిత.

కూతురు ఆయన మీద గొంతెత్తడం అదే మొదటిసారి. ఆయన వెళ్ళి గీత అవతల నిలబడ్డారు. మార్గరెట్ కట్టు కట్టింది. చరిత మళ్ళీ లోపలికి వెళ్ళింది, ఒక గోలు వేసింది. అయినా జట్టు ఓడిపోయింది.

ఆట అయ్యాక శేషాచలం గారు దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడుందని కనిపించిన వాళ్ళందరినీ అడుగుతున్నారు. కరస్పాండెంట్ గారు ఆయన భుజం తట్టి, మనస్ఫూర్తిగా ధైర్యం చెప్పారు. "భయపడకండి సార్. మా దగ్గర ఈ బెడదేం ఉండదు. ఆటల్లేవు, అసలు గ్రౌండే లేదు. అమ్మాయి భద్రంగా ఉంటుంది."

వేదవతి గారు ఐసుముక్క గుడ్డలో చుట్టి కూతురి నుదుటికి అద్దుతున్నారు. చెయ్యి ఆపి అటు చూశారు.

"మరి మొన్న ఫస్టియర్‌లోనే ఉందన్నారు?"

"అది... సబ్జెక్టు అనుకున్నానండీ."

శేషాచలం గారు కూతురి దగ్గరికి వచ్చి, కట్టు కింద ఉబ్బిన కన్ను చూశారు.

"నొప్పిగా ఉందా?"

"ఉంది నాన్నా." కాసేపటికి, "ఆ చివరి పాస్ నేను సరిగ్గా ఇచ్చుంటే గెలిచేవాళ్ళం," అని అప్పుడు ఏడ్చింది.

వేదవతి గారు భర్త వైపు తిరిగారు. "విన్నారా? దెబ్బకి ఏడవలేదండీ, ఓడినందుకు ఏడుస్తోంది. దీన్ని గ్రౌండు లేని చోట పెడితే బతుకుతుందా?"

శేషాచలం గారు దుమ్ములో పడున్న కూతురి కర్ర తీసి ఆమె చేతికిచ్చారు. "ఆ ఇంగ్లండు వాళ్ళకి ఎన్ని మార్కులు రావాలన్నావూ?" అన్నారు.

మార్కులొచ్చాయి, చరిత వెళ్ళింది. మొదటి ఏడాది థర్మోడైనమిక్స్‌లో గట్టెక్కింది, జట్టులో సగం మ్యాచ్‌లు బెంచీ మీద కూర్చుంది, రెండో ఏడాది నుంచి అన్నీ ఆడుతోంది. కరస్పాండెంట్ గారి కాలేజీ కూడా బాగానే ఉంది. శాలువాతో ఆయన దిగిన ఫొటో బ్రోచర్ అట్ట మీద వేసుకున్నారు.

సంఘం మాత్రం ఊరుకుంటుందా? లాక్రోస్ వస్తే ఇంగ్లండులో ఇంజనీరింగ్ సీటు వస్తుందన్న సత్యం గ్రహించి, ఉమ్ సలాల్‌లో గంగాప్రసాద్ గారి తోటలో లాక్రోస్ కోచింగ్ సెంటర్ ప్రారంభించాం. మనవాళ్ళ పిల్లలంతా చేరారు. గైడు వేయించాం, బిట్లు తయారు చేయించాం, వారం వారం పరీక్ష పెడుతున్నాం. బంతి బరువు, కర్ర పొడవు, గోలు వెడల్పు అందరికీ కంఠతా వచ్చు. ఖుత్బుద్దీన్ గారబ్బాయికి ఇప్పటికి రెండుసార్లు నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. ఇంతవరకూ ఒక్క పిల్లాడికి కూడా చెమట పట్టలేదు.

మొన్న అమ్ము అనే పిల్ల క్లాసు మధ్యలో లేచి, "బంతి ఎప్పుడిస్తారండీ?" అని అడిగింది. వాళ్ళ నాన్నగారిని పిలిపించి మాట్లాడాం.