రెండు కిలోల మట్టి

మనిషికి కూడు, గుడ్డ, గూడు అని మూడు అవసరాలున్నాయని పెద్దలు చెప్పారు. పెద్దలు తొందరపడ్డారు. ఆ మూడింటికంటే ముందు ఫారం అనేది ఒకటుంది. అది నింపనిదే మిగతా మూడింటినీ అవసరాలుగా గుర్తించడం కుదరదు. ఇల్లు కట్టి చూడమని సామెత చెప్పినవాడెవడోగాని, వాడి చేతిలో అనుమతి ముందే ఉండి ఉంటుంది. లేకపోతే ఆ సామెత 'ఇల్లు' అన్న మాట దగ్గరే ఆగిపోయి, మిగతాది ఈపాటికి పరిశీలనలో ఉండేది.

లెక్కల టీచరమ్మకు ఈ సత్యం నలభై నాలుగో ఏట తెలిసివచ్చింది. ఆవిడా, తాపీమేస్త్రి అయిన వాళ్ల నాన్నా రెండు అద్దె గదుల్లో ఉంటారు. మేస్త్రి తన చేతులతో నూట నలభై ఇళ్లు కట్టాడు. కట్టడం పూర్తయ్యాక వాటిలో ఒక్కదాంట్లోనూ ఒక పూట భోజనానికి మించి కూర్చోలేదు. టీచరమ్మ పెళ్లి ఊసు ఎవరెత్తినా 'ముందు ఇల్లు కానివ్వండి' అనేది. అడిగినవాళ్లు అడిగి అడిగి, తమ పిల్లల పెళ్లిళ్లు చేసుకుని, మనవలనెత్తుకుని వచ్చి మళ్లీ అడిగారు. జవాబు మారలేదు.

చివరికి టీచరు జీతానికి అందే స్థలం ఒకటి దొరికింది. ఆఖరి స్టాపులో బస్సు దిగి గంటసేపు నడిస్తే వస్తుంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే బండ. మచ్చుకైనా మట్టి లేదు. అమ్మినవాడు నిజాయితీపరుడు. 'ఇక్కడ గడ్డిపోచ కూడా మొలవదమ్మా, కలుపు తీసే బాధ మీకు ఉండదు' అని ఉన్నదున్నట్టు చెప్పాడు.

మేస్త్రి చెప్పులు విడిచి ఆ బండ మీద ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాడు. సుత్తితో నాలుగు చోట్ల కొట్టి, వంగి చెవి పెట్టి విన్నాడు.

"పునాది అక్కర్లేదు తల్లీ. ఎవరో ముందే వేసి పెట్టారు. దీని మీద నేరుగా గోడ లేపేయొచ్చు," అన్నాడు.

జేబులోంచి సుద్దముక్క తీసి అక్కడికక్కడే ఇల్లు గీశాడు. ముందు వరండా, తర్వాత పెద్ద గది, చివర తూర్పు కిటికీతో వంటిల్లు. టీచరమ్మ సుద్దగీతల వంటింట్లో కాసేపు నిలబడింది. గాలి బాగానే వస్తోంది (గోడలు లేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు). ఆవిడ మనసులో ఉన్నది ఇల్లొక్కటే కాదు. నాన్న కుడి మణికట్టు ఈ మధ్య వణుకుతోంది. ఆ చెయ్యి తాపీ పట్టేది మహా అయితే ఏడాదో రెండేళ్లో అని డాక్టరు ఆవిడను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ చెయ్యి ఆడుతుండగానే నాన్న తన ఇల్లు తానే కట్టుకోవాలి. ఆవిడకు కావలసిందల్లా అదే.

గృహ నిర్మాణ అనుమతుల కార్యాలయంలో పనులన్నీ 'మీ ఇల్లు మీ వేలికొసన' అనే యాప్ ద్వారానే జరుగుతాయి. ఆ యాప్ తెరవడానికి మాత్రం కార్యాలయానికి వెళ్లి వరసలో నిలబడాలి. అందులో 'నేల రకం' అన్నచోట నాలుగు గళ్లున్నాయి: నల్లమట్టి, ఎర్రమట్టి, ఇసుకమట్టి, ఇతర మట్టి. టీచరమ్మ పిల్లలకు ముప్పావు మార్కు కూడా అబద్ధంగా రానివ్వని మనిషి. నాలుగూ వదిలేసి, పక్కన కాగితం మీద 'బండరాయి' అని రాసి ఇచ్చింది.

ఫైళ్ల గుమాస్తా చాలా మంచివాడు. (కార్యాలయాల్లో భయపడవలసింది ఇలాంటివారికే. చెడ్డవాడైతే వచ్చినరోజే పొమ్మంటాడు.) ఆయన కళ్లజోడు తుడుచుకుని, మట్టి లేనిచోటు నేల కిందికి రాదనీ, ఖనిజం కిందికి వస్తుందనీ, అది వేరే ఆఫీసనీ నెమ్మదిగా వివరించాడు. టీచరమ్మ ఖనిజాల ఆఫీసుకు వెళ్లింది. ఆ బండను పగలగొట్టి పట్టుకుపోతానంటే సాయంత్రంలోగా అనుమతి ఇస్తామనీ, దాన్ని అలాగే ఉంచి పైన కాపురం పెడతానంటే మాత్రం తమ పరిధిలో లేదనీ వాళ్లు అన్నారు. ఆవిడ మళ్లీ గుమాస్తా దగ్గరికే వచ్చింది.

రెండు కిలోల మట్టి నమూనా, గుడ్డసంచిలో, మూతి కుట్టి తెస్తేనే ఫైలు కదులుతుందని ఆయన తేల్చాడు.

"లేని మట్టి ఎంతండీ, సున్నా కిలోలు. సున్నా కూడా ఒక సంఖ్యే," అంది టీచరమ్మ.

"కాదనను టీచర్ గారూ. కాని సున్నా మీద ముద్ర ఎక్కడ వేయమంటారు?"

ఆవిడకు ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఎవరూ అడగని ప్రశ్న అది. ఇంటికి వచ్చి పై అధికారికి నాలుగు పేజీల విన్నపం రాయడం మొదలుపెట్టింది. మేస్త్రి విన్నపాల మనిషి కాదు. ఆయన కట్టిన ఏ ఇంటి దగ్గరా కావలసిన సరుకు కట్టేచోటే దొరకలేదు. ఇసుక ఏటినుంచి వచ్చింది, ఇటుక బట్టీనుంచి వచ్చింది. తక్కువైనది బయటినుంచి తెప్పించుకోవడమే ఆయన ఎరిగిన నియమం. మర్నాడు కూతురు బడికి వెళ్లగానే ఆయన తెలిసిన తోటమాలి దగ్గరికి పోయి మట్టి అడిగి తెచ్చాడు. తెచ్చినదాన్ని తెచ్చినట్టు ఇస్తే మేస్త్రి పరువేం కాను? ఇసుక జల్లెడలో రెండుసార్లు జల్లించి, వేళ్లూ రాళ్లూ ఏరేసి, తూకం కాస్త మొగ్గుగానే వేసి, సంచి మూతి కుట్టి గుమాస్తా బల్ల మీద పెట్టి వచ్చాడు.

పందొమ్మిది రోజులకు నివేదిక వచ్చింది. నేల స్వభావ నిర్ధారణాధికారి అచ్చు కాగితం చాలక అంచులో సొంత దస్తూరీతో రాశారు: 'ఇంత సారవంతమైన మట్టిని నా ఉద్యోగ జీవితంలో చూడలేదు. ఒక్క గులకరాయి కూడా లేదు. ఇటువంటి నేల జాతి సంపద.' జాతి సంపద మీద ఇల్లు కట్టరాదని కింద ముద్ర వేశారు.

టీచరమ్మకు ఒళ్లు మండిపోయింది. నిన్నెవరు చేయమన్నారు నాన్నా అని గట్టిగానే అడిగింది.

"మట్టి అడిగారు కదమ్మా," అన్నాడు మేస్త్రి. చేతిలో టీ గ్లాసు వణికి చొక్కా మీద ఒలికింది. ఆవిడ కోపం అక్కడితో చల్లారింది. తువ్వాలు తెచ్చి చొక్కా తుడిచింది.

మర్నాడు నిజం చెప్పేద్దామని కార్యాలయానికి వెళ్లింది. గుమాస్తా ఆవిడను వరండాలోకి తీసుకెళ్లి, మట్టి వేరేచోటిదని ఒప్పుకుంటే తప్పుడు నమూనా ఇచ్చినందుకు పెద్దాయన మీద కేసవుతుందనీ, అయినా నివేదిక మాత్రం తప్పు కాదనీ, ఎందుకంటే దాని మీద సంతకం అయిపోయిందనీ చెప్పాడు. దారి లేకపోలేదు. ముప్పై ఒకటో నియమం ప్రకారం వరసగా మూడు పంటలు పోయిన పొలాన్ని సాగుకు పనికిరానిదిగా ప్రకటించవచ్చు. అప్పుడు ఇల్లు కట్టుకోవచ్చు. అయితే పంట పోవాలంటే ముందు వేయాలి.

బండ మీద పంట పోగొట్టడం అంత కష్టం కాదని లెక్కల టీచరు లెక్క వేసింది. ఒక ఆదివారం తండ్రీకూతుళ్లు వెళ్లి బండ నిండా విత్తనాలు చల్లారు. వాళ్లు ఆఖరి స్టాపు చేరేలోపే పిట్టలు వచ్చి తమ వంతు సహకారం అందించాయి. నెలలు గడిచాక పంట వైఫల్య ధ్రువీకరణాధికారి, గొడుగు పట్టే మనిషితో సహా, చెమటలు కక్కుతూ వచ్చారు. చుట్టూ చూశారు. ఒక్క దుబ్బు లేదు, ఒక్క ఆకు లేదు. ఆయన టీచరమ్మకు చెయ్యి కలిపి, పుస్తకంలో ఇలా నమోదు చేశారు: 'పొలం పూర్తిగా ఖాళీగా ఉన్నది. కోత ముగిసినది. మొదళ్లు కూడా మిగల్చని ఇంత శుభ్రమైన కోత ఈ ప్రాంతంలో మరెక్కడా లేదు.'

పంట అసలు మొలవలేదండీ అని టీచరమ్మ మొత్తుకుంది. మంచి రైతులందరూ ఇలాగే అంటారని ఆయన మెచ్చుకోలుగా నవ్వారు.

రెండో పంట మొదటిదానికంటే శుభ్రంగా కోతకు వచ్చింది. దాంతో ఈ సాగు పద్ధతిని అధ్యయనం చేయడానికి పై అధికారులు రాసాగారు. వాళ్లను అధ్యయనం చేయడానికి ఇంకా పైవాళ్లు వచ్చారు. వచ్చినవాళ్లంతా ఎండకు కాలుతున్న బండ మీద కూర్చోలేక, నిలబడలేక, చెట్టు కోసం వెతికి, ఇంత సారవంతమైన నేలలో చెట్టు లేకపోవడం యజమాని నిర్లక్ష్యమని రాసిపోయారు. టీచరమ్మ సెలవులన్నీ వాళ్లకు దారి చూపించడానికే సరిపోయాయి. ఇంట్లో మేస్త్రి రోజూ పొద్దున తాపీ తీసి తుడిచేవాడు. మొదట్లో ఒక చేత్తో తుడిచేవాడు. తర్వాత తర్వాత తాపీని మోకాళ్ల మధ్య బిగించి తుడవసాగాడు. ఆవిడ చూడనట్టు పరీక్ష పేపర్లు దిద్దుకునేది.

ఒకే స్థలానికి ముప్పై తనిఖీలు దాటితే, ఆ ఫైలు తేలేవరకు అక్కడే ఒక క్షేత్ర కార్యాలయం నెలకొల్పాలని నియమం. అధికారులు ఎండదెబ్బకు గురికాకుండా చేసిన నియమం అది. ఆ భవనానికి అనుమతి అక్కర్లేదు. అనుమతులిచ్చే ఆఫీసుకు అనుమతి ఎవరిస్తారు? మట్టి నమూనా కూడా అక్కర్లేదు, కార్యాలయాల ఫారంలో ఆ గడే లేదు. యజమాని సమ్మతి ఉన్నట్టే భావించారు, ఎందుకంటే ఫైలు తేలాలని యజమానే కదా కోరుతున్నది. ఇక ఆ బండ సంగతి తెలిసిన మేస్త్రి కావాలని వెతుకుతూ వాళ్లు అద్దె గదుల తలుపు తట్టారు.

వాళ్లు వెళ్లాక మేస్త్రి తాపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఈ చెయ్యి ఇంకో ఆర్నెల్లు కూడా ఆడేట్టు లేదు. నువ్వు దాచావు గాని నాకు తెలుసు. ఇల్లు ఎవరిదైతేనేం, ఆ బండ మీద గోడ నేను లేపుతాను."

టీచరమ్మకు ఏడుపొచ్చింది.

"వంటింటి కిటికీ తూర్పుకే పెట్టు నాన్నా," అంది.

సుద్దగీతలు ఎప్పుడో వానకు పోయాయి. మేస్త్రి గుర్తున్నట్టే మళ్లీ గీసుకుని పని మొదలుపెట్టాడు. పునాది లేకుండా నేరుగా బండ మీంచి గోడ లేపాడు. ఆఫీసుకు వంటిల్లు ఎందుకని పర్యవేక్షకుడు అడిగితే, అది రికార్డుల గది అన్నాడు. వరండా ఎందుకంటే జనం వరసలో నిలబడడానికి అన్నాడు. టీచరమ్మ ఆదివారాలు వెళ్లి సిమెంటు కలిపి అందించేది. ఆఖరి గోడ సగంలో ఉండగా కుడిచెయ్యి తాపీని వదిలేసింది. మళ్లీ పట్టమంటే పట్టలేదు. మిగతా సగం ఎడమచేత్తో పూర్తిచేశాడు. ఏది ఏ చేతి సగమో ఆవిడ ఎంత వెతికినా కనిపెట్టలేకపోయింది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మంచి గుమాస్తాను అక్కడికే బదిలీ చేశారు. టీచరమ్మ ఫైలు వంటింటి అలమరలోకి చేరింది. మొదటిరోజు తండ్రిని వెంటబెట్టుకుని వెళ్లి, ఏకైక అర్జీదారుగా టోకెన్ తీసుకుంది. నలభై ఏడో నంబరు వచ్చింది. వరండాలో కూర్చుని, మొదటి నలభై ఆరుమందీ అయ్యేదాకా ఇద్దరూ వేచి ఉన్నారు.

గుమాస్తా పిలిచి, ఎంతో నొచ్చుకుంటూ ఒక కాగితం అందించాడు. ఆకాశంలోంచి తీసిన ఫొటోలో ఆవిడ స్థలంలో ఒక కట్టడం కనబడింది. ఆ స్థలానికి అనుమతి మంజూరు కాలేదు. పదిహేను రోజుల్లో కట్టడాన్ని తొలగించి, ఇదే కార్యాలయంలో, ఇదే కౌంటరులో తెలియజేయవలసింది.

"ఇది మీ ఆఫీసే కదండీ. మీరు కూర్చున్నదే ఇందులో," అంది టీచరమ్మ.

"నాకు తెలుసు టీచర్ గారూ. కాని ఫొటో పైనుంచి తీస్తారు. పైవాళ్లకు బోర్డు కనపడదు."

మేస్త్రి ఆ కాగితం కూతురి చేతిలోంచి తీసుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చదవమని మళ్లీ ఆవిడకే ఇచ్చాడు. ఆవిడ చదివింది. నిర్మించినవారు అన్నచోట ఆయన పేరు, ఇంటిపేరుతో, తండ్రి పేరుతో సహా అచ్చయి ఉంది. ఆ ముక్క మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివింది. నూట నలభై ఒక్క కట్టడాల్లో ఫలానాది ఫలానావాడు కట్టాడని కాగితం మీద రాసి సర్కారు ముద్ర వేయడం అదే మొదటిసారి.

"దీని నకలు ఒకటి ఇప్పిస్తారా బాబూ, దాచుకుంటాను," అని అడిగాడు.

గుమాస్తా తప్పకుండా ఇస్తామన్నాడు. కూల్చేసిన తర్వాత తీసిన ఫొటో ఒకటి జతచేసి దరఖాస్తు పెట్టుకుంటే చాలన్నాడు.