రేవులో చీకటి పడలేదు

"వంటయ్యాక వచ్చి ఒక్కసారి చూస్తాను. నాకు నచ్చిందా సరే. నచ్చలేదా, ఆ బల్ల మీదకి నా కుట్టుమిషను వచ్చేస్తుంది" అని ఆదివారం పొద్దున్నే అత్తగారు తేల్చి చెప్పేశారు.

ఆ బల్ల మీది కంప్యూటరులో, ఒక వీడియో గేములో, మామగారు చాన్నాళ్లుగా చేపల రేవు కడుతున్నారు. పెళ్లయిన కొత్తలో తామిద్దరూ కాపురమున్న రేవే అది, చివరి ఇంటి నీలం తలుపుతో సహా. ఆ తలుపు ఆవిడ కంటబడితే చాలని ఆయన ఆశ. ఆవిడకేమో ఆటలంటే ఒళ్లుమంట.

చిక్కల్లా ఒక్కటే. ఆటలో చీకటి పడితే తలుపు కనబడదు, లాంతర్లు ఉత్త అలంకారం. ఇలాంటి ఆటల్ని విప్పి మార్చడంలో చెయ్యి తిరిగిన కోడలు ఆటలోని వస్తువుల వివరాలుండే ఫైలు తెరిచింది.

"లాంతరుకి బరువు, ధర అని రెండే లక్షణాలున్నాయి మామయ్యా. వెలుగు అని మనమే ఇంకోటి కలుపుదాం."

"వెలుగు అని రాస్తే వెలుగుతుందా!" మామగారు నోరు తెరిచారు.

"రాసింది చదివి వెలిగించే కోడ్ కూడా పెట్టాన్లెండి."

"అయితే ఒక్కో లాంతరుకీ ఎందుకమ్మా? పెట్టె మీద చీటీ అంటించు, లోపలున్నవన్నిటికీ సరిపోతుంది." ఆయన గోదాము కీపరుగా రిటైరైన మనిషి. ఆ ఫైల్లో లాంతర్లున్న పెట్టె, అంటే వాటి వర్గం, పేరు 'చేత్తో పట్టుకునేవి'. తొందరలో కోడలు 'వెలుగు' చీటీ దానికే అంటించింది.

లాంతర్లు వెలిగాయి. నీలం తలుపు కనబడింది. మామగారికి కళ్లు చెమర్చాయి. ఇంతలో గరిటెలు వెలిగాయి, మేకులు వెలిగాయి. చేపలూ చేత్తో పట్టుకునేవే కాబట్టి సముద్రం అడుగునుంచి వెలిగింది. ఒడ్డున గులకరాళ్లన్నీ నక్షత్రాలయ్యాయి. ఇద్దరూ పని మరిచి అలాగే చూస్తుండిపోయారు.

చీకటి లేకపోయేసరికి రేవులో ఎవరూ పడుకోలేదు. కోళ్లు ఆపకుండా కూశాయి, జాలర్లు ఆపకుండా చేపలు పట్టారు, పట్టిన చేపలు గుట్టలై ఇంకా వెలిగాయి. కంప్యూటరు ఫ్యాను బుసలు కొట్టింది.

"ఆపెయ్యమ్మా, ఆవిడొచ్చేస్తుంది!"

"సేవ్ మధ్యలో ఉంది, ఇప్పుడు ఆపితే రేవంతా చెరిగిపోతుంది మామయ్యా!"

"ఏమండీ, ఆ కోళ్లేంటి?" వంటింట్లోంచి కేక.

"ఏం లేదు, ఏం లేదు!" అన్నారాయన. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ మాటని ఆవిడ ఒక్కసారీ నమ్మలేదు. గది తలుపు కింద తెల్లటి వెలుగు, లోపల బుసలు. నిప్పంటుకుందనుకుని బకెట్టుతో నీళ్లు పట్టుకుని లోపలికి దూకారు.

ఎత్తిన బకెట్టు ఎత్తినట్టే ఉండిపోయింది. మామగారు కంప్యూటరుకి అడ్డంగా నిలబడ్డారు. ఆయన భుజం మీదుగా ఆవిడ సముద్రాన్ని చూశారు, గులకరాళ్లని చూశారు, చివరికి నీలం తలుపుని చూశారు. మెల్లగా బకెట్టు దించారు.

"మన ఇల్లు..." అన్నారావిడ. "ఇదంతా మీరే కట్టారా?"

"రేవు నాది. వెలుగు కోడలిది. తప్పు ఇద్దరిదీ."

"తప్పెక్కడో దొరికింది, ఆ చీటీ తీసేస్తున్నా అత్తయ్యా" అంది కోడలు.

"చెయ్యి తియ్యి ముందు!" అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆ గులకరాయి ఎలా తీసుకోవాలో చెప్పు."

కుట్టుమిషను ఇప్పటికీ వరండాలోనే ఉంది. దాని పక్కనే కుర్చీ వేసుకుని, తన వంతు ఎప్పుడొస్తుందా అని మామగారూ ఉన్నారు.